మా పిల్లను మీ దగ్గర ఉంచుతున్నాం

పిండిమర సందు,
సోమవారం పొద్దున్న

నా బంగారు బుల్లికి,

నాన్న పట్టరాని సంతోషంతో రాస్తున్న ఉత్తరం. నువ్వు బస్సెక్కి చెయ్యూపిన దగ్గర్నుంచీ నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. తిన్నగా ఇంటికి వచ్చానా అంటే, రాలేదు. సెలూనుకు వెళ్లాను. గడ్డం ముందురోజే గీయించుకున్నాను, అయినా మళ్లీ కూర్చున్నాను. కూర్చుంటేనే కదా చెప్పడానికి వీలు! "మా అమ్మాయి ఫైనాన్సు కంపెనీలో చేరింది" అన్నాను. నా గొంతు నాకే వినిపించదు కాబట్టి కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, ఎదురు కొట్టువాళ్లు బయటికొచ్చి చూశారు.

సెలూనతను సామాన్యుడు కాదు, నీకు తెలుసుగా. అద్దంలో నా కళ్లలోకి చూస్తూ, పెదాలు పెద్దగా కదిలిస్తూ, "చేరిందా, ఊరికే చూసి రావడానికి వెళ్లిందా?" అని అడిగాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "చూడు నాయనా, వేసవి రెండు నెలలూ అక్కడ ఇంటర్న్‌గా పని చేస్తుంది. పని నచ్చితే, వచ్చే ఏడు చదువు అయిపోగానే పర్మనెంటుగా తీసుకుంటారు. నచ్చకపోవడమనేది మా ఇంటా వంటా లేదు" అన్నాను. "అణకువ కూడా మీ ఇంటా వంటా లేనట్టుందే" అన్నాడు వెధవ.

మీ అమ్మేమో "రెండు నెలల పనికి వెళ్లింది మహానుభావా, పట్టాభిషేకానికి కాదు, వీధంతా టముకు వెయ్యకండి" అంటోంది. వెయ్యనా మరి? నీ వయసులో నేను పిండి మూటలు మోశాను. ఆ మర దగ్గరే నిలబడి నిలబడి చెవులు రెండూ దానికి ఇచ్చేశాను. ఇప్పుడు ఆదివారం ఆదివారం మీ అమ్మ నీతో ఫోన్లో మాట్లాడి, "బాగానే ఉందట" అని నాకు చేత్తో సైగ చేస్తే ఏం సరిపోతుంది? ఫోన్లో వచ్చే అక్షరాలు చీమలబారులా ఉంటాయి, వేలు తగిలితే ఎటో పోతాయి. అందుకని ఉత్తరం రాయి తల్లీ. పేజీలకు పేజీలు రాయి. ఆఫీసు ఎలా ఉంది, నీ కుర్చీకి చక్రాలున్నాయా, నీ పై ఆఫీసరు మంచివాడేనా, అన్నీ కావాలి నాకు.

సంతోషానికి చెయ్యి వణుకుతోంది. వంకర అక్షరాలకు ఏమీ అనుకోకు.

ఎగిరి గంతేస్తున్న
మీ నాన్న


హాస్టలు, మూడో అంతస్తు,
ఆదివారం

నాన్నకు,

బాగున్నాను. కుర్చీకి చక్రాలున్నాయి.

ఆఫీసు పదకొండో అంతస్తులో. మెడలో కార్డు వేసుకోవాలి. అది చూపిస్తేనే తలుపు తెరుచుకుంటుంది, లోపలికి వెళ్లాలన్నా బయటికి రావాలన్నా. కిటికీలు తెరుచుకోవు. నా బల్ల మీద రెండు కంప్యూటర్ తెరలు. ఎడమ తెర మీద ఒక కంపెనీ లెక్కలు ఉంటాయి. కుడి తెర మీద ఆ లెక్కల గురించి నేను పేజీలు తయారుచేస్తాను. ఆ కంపెనీని ఎవరో ఎవరికో అమ్ముతారు. కొనేవాళ్లకు చూపించడానికి ఈ పేజీలు. ఈ వారం గొళ్లాలు తయారుచేసే కంపెనీ. ఆ గొళ్లెం ఎలా ఉంటుందో నేను చూడలేదు. చూడక్కర్లేదట.

మా పైన ఒకాయన ఉన్నారు. ఎప్పుడు చూసినా చొక్కా మీద ఒక్క ముడత ఉండదు. ఇంటర్న్‌లం మేం చాటుగా ఆయన్ని ఇస్త్రీ సారు అనుకుంటాం. మంచివారే. అరవరు. మా పేజీలు అచ్చు తీసి ఇస్తే పెన్నుతో గీతలు గీసి తిప్పి పంపిస్తారు. గీత ఉన్నచోటల్లా సరిచేసి మళ్లీ ఇవ్వాలి. మళ్లీ గీస్తారు. గీతలు లేకుండా తిరిగొస్తే ఆ రోజు పని అయిపోయినట్టు.

ఇంటర్న్‌లం ఆరుగురం. చివర్లో ఇద్దరికో ముగ్గురికో ఉద్యోగం ఇస్తారట. ఎంతమందికో ముందు చెప్పరు.

భోజనం బాగానే ఉంది.

బుల్లి


పిండిమర సందు,
శుక్రవారం

బంగారు తల్లీ,

పదకొండో అంతస్తు! నేను పుట్టాక ఎక్కిన ఎత్తల్లా మర పైకప్పు, అదీ వాన కారుతోందని. నీ ఉత్తరం రాగానే నేను చదివి, మీ అమ్మకు చదివి వినిపించి (ఆవిడకు చదువొచ్చు, అయినా వినిపించాను), మర దగ్గరికి పట్టుకెళ్లాను. ఇప్పుడు మర నడుపుతున్నాయన బెల్టు ఆపేసి మరీ విన్నాడు. పిండి ఆడించుకోవడానికి వచ్చినవాళ్లు చేతుల్లో డబ్బాలతో వరసగా నిలబడి విన్నారు. ఒకావిడ "గొళ్లాల కంపెనీ అంటున్నారు, మా వీధి తలుపుకొక మంచి గొళ్లెం చెప్పించండి బాబాయ్" అంది. "అమ్మా, మా పిల్ల గొళ్లెం అమ్మదు. గొళ్లాల కంపెనీనే అమ్ముతుంది" అన్నాను. ఆవిడ తెరిచిన నోరు డబ్బా నిండేదాకా ముయ్యలేదు!

ఇస్త్రీ సారు పేరు మాత్రం అదిరింది. సెలూనతను కడుపు పట్టుకుని నవ్వాడు, కత్తి నా పీక మీద ఉండగా. ఆ కాసేపూ నా ప్రాణం మీ ఇస్త్రీ సారు చేతిలో ఉందనుకో. అరవని పై ఆఫీసరు దొరకడం ఎంత అదృష్టం! మా యజమాని అరుపులు నాకు వినబడకుండా చేసిందనే ఆ మరంటే నాకు అంత ప్రేమ.

ఆరుగురిలో ఇద్దరంటే ఒకరు నువ్వే. రెండోవాళ్ల సంగతి వాళ్ల నాన్నలు చూసుకుంటారు.

మీ అమ్మ అడగమంది. భోజనం బాగానే ఉందని రాశావు గానీ ఏం తిన్నావో రాయలేదేం అని. ఆవిడకు అన్నిట్లో అనుమానమే. నాకైతే నీ ఉత్తరం చదివాక ఆకలి కూడా వెయ్యలేదు, కడుపు నిండిపోయింది.

నీ సంతోషమే తన సంతోషమైన
నాన్న


హాస్టలు,
ఆదివారం

నాన్నకు,

బాగున్నాను. తింటున్నానని అమ్మకు చెప్పు. ఏం తిన్నానో సాయంత్రానికి గుర్తుండటం లేదు, అంతే.

గొళ్లాల పేజీలు అయిపోయాయి. ఇప్పుడు పరుపుల కంపెనీ. మొన్న నా పేజీలు ఒక్క గీత కూడా లేకుండా తిరిగొచ్చాయి. ఇస్త్రీ సారు వాటిని పైకెత్తి అందరికీ చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అవి నాకోసమేనని తర్వాత గుర్తొచ్చింది.

మంగళవారం మేడ మొత్తం అలారం మోగింది. నిప్పంటుకుంటే మోగేది. అందరూ లేచి మెట్ల మీదుగా కిందికి పరుగెత్తారు. నేను ఒక పట్టికలో అంకెలు సరిచేస్తున్నాను. మోగుతోందని తెలుసు. లేవాలని కూడా తెలుసు. ఆ వరస పూర్తి చేశాను. తర్వాతి వరస మొదలుపెట్టాను. గార్డు వచ్చి భుజం తట్టి "ఏమ్మా, నీకు వినపడదా?" అన్నాడు. "మా నాన్నకు వినపడదు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆయనే నన్ను కిందికి తీసుకెళ్లాడు. ఏమీ కాలేదు. ఎవరో బాత్రూములో సిగరెట్టు కాలిస్తే మోగిందట.

టీ ఒలికి చెయ్యి కాలింది. కాలినట్టు సాయంత్రం స్నానం చేసేటప్పుడు చూశాను, బొబ్బ లేచి ఉంది. చిన్నదే. మందు రాశాను.

బుల్లి


పిండిమర సందు,
గురువారం

నా చప్పట్ల తల్లికి,

చప్పట్లు! మా అమ్మాయికి చప్పట్లు! నీ ఉత్తరం చదివి ఇంట్లో ఒక్కణ్ణే నిలబడి నేనూ కొట్టాను. మీ అమ్మ వంటింట్లోంచి వచ్చి "దోమలా?" అని సైగ చేసింది. ఆవిడ చేతులు కూడా పట్టుకుని కొట్టించాను.

అలారం సంగతి చదివాక గర్వంతో ఉబ్బిపోయాననుకో. మేడ తగలబడుతున్నా పని వదలని పిల్ల! సెలూనులో చదివి "చూశావా శ్రద్ధంటే అదీ" అన్నాను. సెలూనతను ఏ వేళాకోళమో ఆడతాడనుకున్నాను. ఆడలేదు. "ఆ ముక్క మళ్లీ చదవండి" అన్నాడు. చదివాను. కత్తెర కడగడానికి వెళ్లిపోయాడు. కుళ్లు అనుకుంటాను. వాళ్లవాడు ఎప్పట్నుంచో పరీక్షలు రాస్తూనే ఉన్నాడు.

మీ అమ్మ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని తనే చదువుకుంది. బొబ్బ దగ్గర వేలు పెట్టి చూపించింది. "చిన్నదేనని రాసిందిగా" అన్నాను. "ఇది మన పిల్ల రాసినట్టు లేదు. చీమ కుడితే ఇల్లు పీకి పందిరేసే పిల్ల. చెయ్యి కాలితే సాయంత్రం దాకా తెలియలేదా?" అంది. "ఎదిగిందే పిచ్చిదానా, ఆఫీసరైంది" అన్నాను. నీ దస్తూరీ కూడా అచ్చు పోసినట్టు వస్తోంది. ఇదివరకు కోడి కెలికినట్టుండేది. అన్ని విధాలా బాగుపడుతున్నావు.

మళ్లీ మళ్లీ చప్పట్లు కొడుతున్న
నాన్న


హాస్టలు,
బుధవారం

నాన్నకు,

బొబ్బ ఎండిపోయింది. ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఆఫీసు లోపలికి తెలియదు, వచ్చేవాళ్ల గొడుగులు చూస్తే తెలుస్తుంది. హాస్టల్లో నీళ్ల మోటారు చెడింది, బాగుచేస్తున్నారు. నిన్న నాకు ఉద్యోగం ఇచ్చారు. ఆరుగురిలో ఇద్దరికి. చదువైపోయాక చేరాలి. పరుపుల కంపెనీ వాళ్లకు మా పేజీలు నచ్చాయట.

ఇస్త్రీ సారు గదిలోకి పిలిచి, చెయ్యి కలిపి చెప్పారు. థాంక్సండీ అని, పధ్నాలుగో పేజీలో అక్షరాలు చిన్నవి చెయ్యాలా అని అడిగాను. ఆయన నవ్వి "ఈ ఒక్కరోజుకు అది వదిలెయ్యి" అన్నారు. బయటికొచ్చి చిన్నవి చేశాను.

ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. నెలాఖరు సాయంత్రం దాకా గడువు. పెట్టకపోతే మిగతా నలుగురిలో ఒకరికి ఇస్తారు.

అమ్మకు చెప్పు.

బుల్లి


పిండిమర సందు,
శనివారం

అమ్మా! తల్లీ! బంగారూ!

నీళ్ల మోటారుకీ పరుపులకీ మధ్య పెట్టి రాస్తావా ఆ ముక్క! చదువుతూ చదువుతూ మోటారు దాటేసి ముందుకు వెళ్లిపోయి, ఏదో తేడాగా ఉందే అని వెనక్కి వచ్చి చూస్తే, అక్కడుంది! చెప్పు ఒక కాలికే వేసుకుని వీధిలోకి వచ్చేశాను. సెలూనులో ఎవరికో సగం గడ్డం గీసి ఉంది, ఆ సగం గడ్డం మనిషిని కావలించుకున్నాను. ఆయనెవరో నాకు తెలియదు! సబ్బు నురగంతా నా చొక్కాకి. మర దగ్గర నేనే బెల్టు ఆపి, పిండి డబ్బా మీదికెక్కి చెప్పాను. గొళ్లెం అడిగినావిడ "మొత్తానికి సాధించింది బాబాయ్" అని కళ్లు తుడుచుకుంది. పిండి పడి ఉంటుంది అంటుంది మీ అమ్మ. పడనీ.

సంతకం పెట్టేశావు కదూ? ఆ సంతకం పెడుతున్నప్పుడు నన్ను తలుచుకున్నావా? ఏ పెన్నుతో పెట్టావు? పెట్టగానే ఎవరెవరు ఏమన్నారు? వెంటనే రాయి.

ఒళ్లు తెలియని
నాన్న


హాస్టలు,
మంగళవారం

నాన్నకు,

ఇంకా పెట్టలేదు. కాగితం నా బల్ల సొరుగులో ఉంది.

రోజూ తీస్తాను. పెన్ను మూత తీస్తాను. ఇది సంతోషంగా పెట్టాల్సిన సంతకం కదా అనిపిస్తుంది. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూస్తాను. రాదు. పోనీ ఏడుపొస్తుందేమోనని చూస్తాను. అదీ రాదు. మూత పెట్టేసి పని చేసుకుంటాను.

నన్నెవరూ ఏమీ అనలేదు. ఇక్కడ కష్టమేమీ లేదు. కాలూ చెయ్యీ తిమ్మిరెక్కితే కాసేపటికి వదులుతుంది కదా, అలాంటిదే అయ్యుంటుంది. నువ్వు కంగారుపడకు. పెడతాను.

బుల్లి


పిండిమర సందు,
సోమవారం

నా పిచ్చితల్లికి,

నీ ఉత్తరం పట్టుకుని సగం రోజు ఆలోచించాను. మూత తీయడమేంటి, పెట్టెయ్యడమేంటి అని. మీ అమ్మ పక్కనే కూర్చుని "వెళ్లి తీసుకొచ్చేద్దాం" అంటోంది. "ఏమిటి తీసుకొచ్చేది, వచ్చిన ఉద్యోగాన్ని వదిలేసా?" అని కసిరాను. అంతలో తట్టింది బుల్లీ! తట్టగానే తొడ చరుచుకున్నాను. తప్పంతా నాదే!

మా మర పనివాళ్లలో ఒక పద్ధతి ఉంది. నీకెప్పుడూ చెప్పినట్టు లేను. కొత్తవాడి పని కొన్నాళ్లు చూసి యజమాని సరే అన్నా, అంతటితో ఖాయం కాదు. వాడి ఇంట్లో పెద్దవాళ్లొకరు వచ్చి, యజమాని ఎదుట నిలబడి, "మావాణ్ణి మీ దగ్గర ఉంచుతున్నాం" అనాలి. ఆ మాట పడ్డాకే వాడు మర మీద చెయ్యి వేస్తాడు. మానిపించాలన్నా అంతే. పెద్దవాళ్లే వచ్చి "మావాణ్ణి తీసుకెళ్తున్నాం" అనాలి. పనివాడు తన నోటితో అనడం మర్యాద కాదు. నాకోసం మా మేనమామ వచ్చి అన్నాడు. అనేదాకా నా చెయ్యి ఎలా ఆడలేదో నాకు తెలుసు. నీకు తెలియకపోతేనేం, నీ ఒంట్లో ఉన్నది మరవాళ్ల రక్తం. పెద్దవాళ్ల మాట పడలేదు కాబట్టే నీ పెన్ను కదలడం లేదు!

గురువారం బస్సుకు వస్తున్నాను. తెల్ల చొక్కా ఉతికించాను. ఇస్త్రీ కూడా చేయించాను, మీ సారు ముందు మనం తక్కువ కాకూడదు. అద్దం ముందు నిలబడి "మా పిల్లను మీ దగ్గర ఉంచుతున్నాం" అని అనుకుని చూసుకుంటున్నాను.

వచ్చేస్తున్న
నాన్న


పిండిమర సందు,
శనివారం

బుల్లికి,

క్షేమంగా ఇల్లు చేరాను. నేను వస్తున్నట్టు రాసిన ఉత్తరం నీకు ఇంకా అందిందో లేదో. వచ్చాను. చూశాను. ఎంత గొప్ప ఆఫీసు! కింద హాలులో నేల ఎంత నున్నగా ఉందంటే, చెప్పులు విప్పాలా అని గార్డును అడిగాను. సోఫా ఎంత మెత్తనిదంటే, కూర్చున్నాక లేవడానికి గార్డే చెయ్యి అందించాడు. మీ సారు స్వయంగా కిందికి దిగి వచ్చారు. మంచినీళ్లు ఇప్పించారు. మాట్లాడాను. చాలా మర్యాదస్తుడు.

నిన్ను పిలిపించకుండా వచ్చేసినందుకు ఏమీ అనుకోకు. బస్సుకు టైమైపోయింది.

మీ అమ్మ నన్ను ఏమేమో అడుగుతోంది. నాకు వినబడదు కదా.

చాలా సంతోషంగా ఉన్నాను.

నాన్న


హాస్టలు

నాన్నా!

ఎవరు రమ్మన్నారు నిన్ను? ఎవరు అడగమన్నారు? ఎవరితో చెప్పి వచ్చావు?

శుక్రవారం సాయంత్రం ఇస్త్రీ సారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. "మీ నాన్నగారు వచ్చారు" అన్నారు. "ఎక్కడున్నారండీ?" అన్నాను. "వెళ్లిపోయారు. నిన్ను తీసుకెళ్తున్నామని చెప్పి, తీసుకెళ్లకుండా వెళ్లిపోయారు" అన్నారు.

లాబీలో నిలబడి "ఇస్త్రీ సారుని పిలవండి బాబూ" అని అరిచావట! ఆయన పేరు అది కాదు నాన్నా! చాటున అనుకునేదని రాశానా లేదా? గార్డుకు నవ్వాగక, వంగిపోయి మరీ పైకి ఫోన్ చేశాడట. "ఇన్నాళ్లూ నా పేరేమిటో నాకే తెలియలేదు" అని ఆయన తన చొక్కా వంక చూసుకుంటుంటే, నేల చీలితే దూకేద్దామనిపించింది. కార్డు చూపిస్తే ఆ నేల కూడా తెరుచుకునేదేమో!

ఇంకా ఏమన్నావట? "మా పిల్లను తీసుకెళ్తున్నాం, పెద్దమనసు చేసుకుని పంపించెయ్యండి." నీ గొంతు ఎంత గట్టిగా ఉంటుందో నీకు తెలియదు, లోకానికి తెలుసు. కింద టీ తాగుతున్న ప్రతివాడూ విన్నాడు. నేను లిఫ్టులోకి వెళ్తే అందరూ చూపులు పక్కకు తిప్పుకుంటున్నారు.

నేనేమన్నా గోనెసంచినా, ఒకచోట ఉంచడానికీ, తీసుకెళ్లడానికీ? ఊరంతా చెప్పుకుని తిరిగింది నువ్వు. చప్పట్లు కొట్టింది నువ్వు. పిండి డబ్బా ఎక్కింది నువ్వు. అలారం మోగినా కదల్లేదని రాస్తే శ్రద్ధ అన్నావు. సంతోషం రావట్లేదని రాస్తే మరవాళ్ల రక్తం అన్నావు. అన్నిట్లోనూ నీకు సంతోషమే! ఒక్క ఉత్తరంలో అయినా "నీకు ఇష్టమేనా" అని అడిగావా? అడక్కుండా ఎక్కించావు, అడక్కుండా దించేశావు!

సారు అన్నారు, "ఆయన మాట విన్నాను. నీ మాటేమిటి?" అని. "తెలియదండీ" అన్నాను. ఈ రెండు నెలల్లో ఆయన అడిగినదానికి దేనికీ ఆ జవాబు చెప్పలేదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "నాకూ చేరిన ఏడాది తెలియలేదు" అన్నారు. ఇంకేదో అనబోయారు. ఫోను మోగింది, తీసుకున్నారు.

నెలాఖరు సాయంత్రం సొరుగు తీశాను. కోపంతో చెయ్యి ఒణికిపోతోంది. నీ మీద కోపం, ఆయన మీద కోపం, చూపులు తిప్పుకున్న ప్రతివాడి మీదా కోపం. ఆ చేత్తోనే సంతకం పెట్టాను. ఎంత వంకరగా వచ్చిందో. నువ్వు వద్దన్నావని పెట్టలేదు, నువ్వు గంతులేశావని పెట్టలేదు. చేరడానికి ఇంకా ఏడాది ఉంది. అప్పటికి ఇష్టం లేకపోతే మానేస్తాను. మానేస్తే నా నోటితో నేనే చెబుతాను. నువ్వు బస్సెక్కి రానక్కర్లేదు.

అంత దూరం వచ్చి, కింద కూర్చుని, నన్ను చూడకుండా పోతావా? ఆ బస్సు పోతే ఇంకో బస్సు లేదా? ఎలా మనసొప్పింది? చూడు, ఇప్పుడు ఏడుపొస్తోంది, నీ వల్ల ఈ కాగితం కూడా తడిసింది, మళ్లీ రాసే ఓపిక లేదు, ఇలాగే పంపిస్తాను.

దారిలో ఏమైనా తిన్నావా? రాయి.

నీ కూతురు
గోనెసంచి


పిండిమర సందు,
బుధవారం

నా గోనెసంచికి, నా కోపాల తల్లికి, నా బంగారానికి,

తప్పే. ముమ్మాటికీ తప్పే. నా కూతురి తరఫున ఇంకెప్పుడూ ఎవరితోనూ ఏ మాటా అనను. దారిలో రెండు అరటిపళ్లు తిన్నాను, వెళ్లేటప్పుడు. వచ్చేటప్పుడు తినలేదు.

బస్సు సంగతి అబద్ధం. బస్సుకు చాలా టైముంది. నిజం చెబుతాను, చదివి మళ్లీ తిట్టు.

ఇస్త్రీ సారు కోసం సోఫాలో కూర్చున్నాను. బస్సు దిగిన దగ్గర్నుంచీ నా మాట నేను అనుకుంటూనే ఉన్నాను, "ఉంచుతున్నాం, ఉంచుతున్నాం" అని. లిఫ్టు తెరుచుకుంది. ఏడెనిమిది మంది దిగారు. అందులో నువ్వున్నావు. నాకు ప్రాణం లేచొచ్చింది! ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. వాళ్ల నవ్వు అయిపోతుండగా నువ్వు నవ్వావు. నోరొక్కటే నవ్వింది. నా మోకాళ్ల ముందు నుంచే వెళ్లావు బుల్లీ. నా చేతిసంచి నీ కాలికి తగిలింది. నువ్వు నా మొహంలోకి చూసి "సారీ అండీ" అన్నావు. నాకు చెవులు లేకపోయినా పెదాలు తెలుస్తాయి. సారీ అండీ అని, వెళ్లిపోయావు.

పిలుద్దామంటే నోరు రాలేదు. గుర్తుపట్టలేదని బాధ కాదు తల్లీ, ఒట్టు. ఎదురుగా నాన్న ఉన్నా కనబడనంత దూరం ఎక్కడికి వెళ్లిపోయిందీ పిల్ల అనిపించింది. అంతలో మీ సారు వచ్చి చెయ్యి చాపారు. రెండు మాటలూ నోట్లోనే ఉన్నాయి, ఒకటనబోతే ఇంకోటి వచ్చింది. వచ్చినదాన్ని వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చాక మీ అమ్మకు చెప్పలేదు. సంతోషంగా ఉన్నానని నీకు రాశాను గానీ, సెలూనుకు కూడా వెళ్లలేదు. గడ్డం మాసిపోయింది. సెలూనతనే ఇంటికొచ్చి తలుపులోంచి తొంగి చూసి వెళ్లాడు.

ఇవాళ నీ ఉత్తరం వచ్చింది! మీ అమ్మ చింపి చదువుతోంది, నేను ఆవిడ మొహం చూస్తున్నాను. మొదట కళ్లు పెద్దవి చేసింది. తర్వాత గోడ పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియక నేను హడలిపోయి లాక్కుని చదివాను. ఆహా! ఏం తిట్టావు తల్లీ! అక్షరం అక్షరం మీద ఎక్కింది, గీతలు దాటింది, చివరి పేజీ సగం అలుక్కుపోయింది. మీ అమ్మ నా భుజం కుదిపి, "ఇదీ నా కూతురు రాసింది" అంది. ఎంత గట్టిగా అందంటే, నాకు వినపడిందనుకుంటాను.

నేనాగగలనా? మర దగ్గరికి పరుగెత్తాను. బెల్టు ఆపించి, "మా అమ్మాయి నన్ను తిట్టింది" అని మొదట్నుంచి చదివాను. గోనెసంచి దగ్గర గొళ్లెం ఆవిడ పడీ పడీ నవ్వింది. "లోకానికి తెలుసు" అన్నచోట మర నడిపేవాడు చప్పట్లు కొట్టాడు. అక్కణ్ణుంచి సెలూను. అక్కడ మళ్లీ చదివాను. ఏడుపొస్తోందన్న ముక్క దగ్గర నా గొంతు ఆగింది కాబోలు, సెలూనతను ఉత్తరం తీసుకుని మిగతాది తనే చదివాడు. పెదాలు పెద్దవి చేసి, నాకు తెలిసేలా. అయ్యాక కళ్లు తుడుచుకుని నన్ను కుర్చీలో కూలేసి గడ్డానికి సబ్బు పూశాడు.

సగం గీశాక అద్దంలోకి చూసి అడిగాడు, "అన్నీ బాగున్నాయి గానీ, తిట్ల జోరులో పట్టలేదు, ఇంతకీ ఉద్యోగానికి సంతకం పెట్టిందా లేదా?" అని.

రెండుచోట్లా చదివాను గానీ ఆ సంగతి అసలు మనసుకే ఎక్కలేదు. "ఉండు" అని ఉత్తరం మళ్లీ విప్పాను. వేళ్లకున్న సబ్బు కాగితానికి అంటుకుంటోంది. తిట్లన్నీ దాటుకుంటూ వెతికాను. కింద ఎక్కడో ఉంది.

"పెట్టిందట" అన్నాను.

మీ నాన్న